వంకర లేని చక్రానికి వైద్యం

రెండు వేల ఇరవై మూడు, వేసవి. విశాఖపట్నం జ్ఞానాపురంలో నా సైకిల్ షాపు. షాపంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక షట్టరు, దాని ముందు రేకు పందిరి, పందిరి కింద పంపు, లోపల చక్రం బిగించి తిప్పే స్టాండు. గాలి కొట్టించుకోడానికి పాల సైకిలూ నా దగ్గరికే వస్తుంది, కారు వెనక కట్టుకుని తెచ్చే రోడ్ బైకూ నా దగ్గరికే వస్తుంది. రోడ్ బైకంటే సన్నటి టైర్లు, కిందికి వంగిన హ్యాండిలు ఉండే రేసు రకం సైకిలు. రెండిటికీ నేను ఎక్కువగా చేసే పని ఒకటే. బెండు తీస్తాను, అంటే చక్రం వంకర సరిచేస్తాను.

ఇంగ్లీషులో దీన్ని ట్రూయింగ్ అంటారు. చక్రానికి మధ్యలో హబ్బు, చుట్టూ రిమ్ము, రెండిటినీ కలిపి పట్టుకునేవి స్పోకులు, అంటే చువ్వలు. ఒక్కో స్పోకు ఎంత బిగువుగా ఉంటే చక్రం అంత తిన్నగా తిరుగుతుంది అనుకుంటారు చాలామంది. అది తప్పు. అన్నీ ఒకేలా బిగువుగా ఉండాలి. వేలితో మీటితే అన్నీ ఒకే మోత మోగాలి. మా పుట్టింట్లో బుట్టలు అల్లేవాళ్ళం కాబట్టి నాకు ఈ పని తొందరగా పట్టుబడింది. మా ఆయన అద్దె సైకిళ్ళు తిప్పేవాడు, చక్రాలు నేను అల్లేదాన్ని. ఆయన పోయాక షాపు కూడా నాదే అయింది. అక్షరాలు మాత్రం నలభై దాటాక వచ్చాయి, చర్చి వెనక గదిలో సాయంత్రం బడిలో. అందుకని నేను మాట్లాడినట్టే రాస్తాను. కోపం వస్తే కోపంగానే రాస్తాను. ఇది రాస్తున్నప్పుడు కూడా కోపంగానే ఉంది.

ఈ మధ్య ఊళ్ళో సైకిళ్ళు తొక్కేవాళ్ళు పెరిగారు, సంతోషం. తెల్లారితే బీచ్ రోడ్డు నిండా వాళ్ళే. వాళ్ళందరూ నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "అన్నిటికంటే మంచి చక్రాలు ఏవి?" అదేం ప్రశ్న? కాలు చూపించకుండా మంచి చెప్పులు ఏవని అడుగుతారా ఎవరైనా? ఎక్కడ తొక్కుతావు, ఏ వేళకి తొక్కుతావు, నీ బరువెంత, ఎంత వేగం పోతావు, ఇవేవీ చెప్పరు. ఫోనులో ఎవడో బిగించుకున్న చక్రం చూపించి ఇది మంచిదేనా అంటారు. వాడికి మంచిదే అయ్యుంటుంది. నీకు ఎలా చెప్పను?

సత్తిబాబు గారి సంగతి అలాంటిదే.

ఆయన పోర్టులో క్రేను నడుపుతారు. వాళ్ళ నాన్న కోనసీమ నుంచి పోర్టు పనికి వచ్చి మల్కాపురంలో ఉండిపోయారు. ఈయన ఇక్కడే పుట్టి పెరిగినా ఇంటి మాట పోలేదు, అండి అనకుండా వాక్యం పూర్తి చెయ్యరు. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, మాటా నడకా నిదానం. పైన క్రేను క్యాబినులో గంటల తరబడి కూర్చునే పని కదా, నడుము పట్టేస్తోందని సైకిలు మొదలుపెట్టారు. ఒక గ్రూపులో చేరారు. ఆ రోజు ముందు చక్రం ఒక్కటీ ఊడదీసి, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎడం చేత్తో ఎత్తుకుని వచ్చారు.

"పిన్నిగారూ, దీని బెండు తీసిపెట్టాలండి. పక్కకి లాగేత్తందండి."

"ఏ పక్కకి బాబూ?"

"అదే అర్థం కాటం లేదండి. భీమిలి ఎళ్ళేటప్పుడు ఎడం పక్కకి. తిరిగొచ్చేటప్పుడు కుడి పక్కకి."

నేను చేతిలో ఉన్న స్పానరు కింద పెట్టేశాను. వంకర పోయిన చక్రం వెళ్ళేటప్పుడు ఒక పక్కకి, వచ్చేటప్పుడు ఇంకో పక్కకి లాగదు. దాని వంకర దాంతోనే ఉంటుంది. మనిషి వెనక్కి తిరగగానే పక్క మార్చేది మన బీచ్ రోడ్డు మీద ఒక్కటే ఉంది. గాలి.

అయినా స్టాండుకి ఎక్కించి తిప్పాను. నల్లగా మెరిసే కార్బన్ రిమ్ము, బెత్తెడు కంటే కొంచెం తక్కువ లోతు. దీన్ని డీప్ రిమ్ అంటారు. రిమ్ము తిన్నగానే తిరిగింది. కానీ స్పోకులు మీటితే ఒకటి గణగణ, ఒకటి డప్పుడప్పు. ఎవరో కెలికారు.

"దీన్ని నా కంటే ముందు ఎవులు ముట్టుకున్నారు?"

"షోరూమోళ్ళు ఓసారి తీశారండి. గాజువాకలో ఒకాయన తీశారు. మా ఫ్రెండు ఒకాయన కూడా ఓ చెయ్యేశాడండి."

"ముగ్గురూ బెండు ఉందన్నారా?"

"ఉందనే కదండీ తీశారు."

చూశారా? అక్కడ నాకు మొదటి కోపం. లేని జబ్బుకి ముగ్గురు వైద్యం చేశారు. స్టాండు మీద పెట్టి తిప్పి, "నీ చక్రంలో లోపం లేదయ్యా" అని చెప్పడానికి నోరెందుకు రాలేదు? మనిషి వచ్చి అడిగాడు కాబట్టి ఏదో ఒకటి తిప్పి పంపాలి అనుకునే పనివాళ్ళంటే నాకు అసహ్యం. తిన్నగా ఉన్న చక్రానికి నిపుల్, అంటే స్పోకు చివర ఉండే చిన్న మర, ఊరికే తిప్పితే బిగువు చెడుతుంది. బిగువు చెడితే స్పోకులు ఒకటొకటిగా తెగుతాయి. అప్పుడు నిజం జబ్బు వస్తుంది.

చొక్కా చెయ్యి పైకి లాగమన్నాను. నడిచి వచ్చినప్పుడే చూశాను, ఆయన కుడి మోచెయ్యి వంచడం లేదు. దోక్కుపోయి పక్కు కట్టి ఉంది.

"పడ్డావా?"

"పడ్డమంటే పడ్డం కాదండి. తిరిగొచ్చేటప్పుడు రుషికొండ దాటాక సరుగుడు తోట అయిపోద్ది చూడండి, అక్కడికి రాగానే ఎవరో తోసినట్టు రోడ్డు మజ్జెలోకి ఎళ్ళిపోయానండి. ఎనకాల బస్సు. బస్సతను మంచోడండి, బ్రేకు కొట్టాడు. నేను డివైడరుకి రాసుకుని ఆగాను."

"మీ గుంపు ఏటంది?"

"హ్యాండ్లింగు నేర్చుకోవాలన్నారండి. కొత్తలో అలాగే ఉంటదంట."

ఇక్కడ కొంచెం వివరించాలి. మన ఊరి నుంచి భీమిలి వెళ్ళేటప్పుడు సముద్రం కుడి చేతి వైపు ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ సముద్రం మీద నుంచి గాలి లేస్తుంది. వెళ్ళేటప్పుడు ఆ గాలి మనల్ని ఎడమకి, రోడ్డు అంచుకి నెడుతుంది. మహా అయితే ఇసకలోకి దిగుతాం. తిరిగి వచ్చేటప్పుడు అదే గాలి కుడికి, బస్సులూ లారీలూ పోయే దారిలోకి నెడుతుంది. పైగా తిరిగి వచ్చే వేళకి గాలి ముదురుతుంది. ఇలా పక్క నుంచి కొట్టే గాలిని క్రాస్ విండ్ అంటారు. తోట పక్కన ఉన్నంతసేపూ చెట్లు ఆపుతాయి, తోట అయిపోయిన చోట ఒక్కసారిగా కొడుతుంది. లోతైన రిమ్ము గాలికి అట్టముక్కలా అడ్డం పడుతుంది. వెనక చక్రం అయితే కొంత నయం. ముందు చక్రం హ్యాండిలుతో పాటు తిరిగేది, గాలి దాన్ని పడితే మనిషి చేతుల్లోంచి దారి లాక్కున్నట్టే.

ఆ లోతు ఎందుకు పెట్టారు మరి? ఎదురుగాలిని కోసుకుపోడానికి. చదునైన రోడ్డు మీద, మంచి వేగంతో, గంటల తరబడి అదే ఊపులో తొక్కేవాడికి అది పనికొస్తుంది. సత్తిబాబు గారు తొక్కేది కబుర్లు చెప్పుకుంటూ పోయే వేగం. మిగతా రోజుల్లో అదే సైకిలు మీద డ్యూటీకి, అంటే లారీలు గోతులు చేసిన పోర్టు రోడ్డు మీద, రైలు పట్టాలు దాటుకుంటూ. అంత మనిషికి ఆ చక్రంలో వేసిన స్పోకులు కూడా తక్కువే. ఆ చక్రం ఆయన చేసే ఏ ఒక్క పనికీ తగినది కాదు.

"బాబూ, ఈ చెయ్యి ఇరిగితే ఏటవుద్ది?" అని అడిగాను.

ఆయన చొక్కా చెయ్యి కిందికి దించుకున్నారు.

"క్రేను ఎక్కనివ్వరండి. రెండు చేతులూ లివర్ల మీదే ఉండాలి కదండీ. మెడికల్లో అన్‌ఫిట్ అంటే కింద ఏదో పని ఇత్తారు. పైన సీటు మళ్ళీ రాదండి." మళ్ళీ ఆయనే అన్నారు, "మా నాన్న సర్వీసంతా కిందే ఉండి హుక్కు తగిలించాడండి. పైకి చూత్తా ఉండేవోడు. ఆ సీటు నాకొచ్చిందని ఎంత మందికి చెప్పుకున్నాడో ఆయన."

"మరి పైన నువ్వుండగా గాలొత్తే ఏటి సేత్తావు?"

ఆయన మొహం మారిపోయింది. పని గురించి అడిగితే ఎవరికైనా మొహం వెలుగుతుంది.

"ఆపేత్తామండి. పైన గాలి మీటరు ఉంటది. సైరను మోగితే లోడు కిందికి దించేసి, క్రేను పట్టాల మీద కదలకుండా పిన్ను దింపేత్తాం. మీటరు దాకా ఎందుకండీ, హుక్కు ఊగే ఊపు చూత్తే నాకే తెలిసిపోద్ది."

"ఓడ తొందరలో ఉందనుకో. సూపర్‌వైజరు పర్లేదు కానియ్యి అంటే?"

"ఆపరేటరు ఆపానంటే ఆపినట్టేనండి! ఎవడొచ్చినా ఏం చెయ్యలేడు."

"అక్కడ అంత పెద్ద ఇనప క్రేనుకి పిన్ను దింపినోడివి, ఇక్కడ గాలికి హ్యాండ్లింగు నేర్సుకోమంటే బుర్రూపుకుని ఒచ్చీసినావా? గాలి పోర్టులో ఒకటీ, బీచ్ రోడ్డులో ఒకటీనా?"

ఆయన నవ్వారు. కానీ అది ఒప్పుకున్న నవ్వు కాదు. క్రేను ఆకాశమంత ఉంటుంది కాబట్టి దానికి గాలి, సైకిలు చిన్నది కాబట్టి దానికి బెండు అని ఆయన లెక్క. పైన క్యాబినులో ఏదైనా వణికితే ముందు మెయింటెనెన్సుకి చెప్పాలి, లోపం మిషనులోనే ఉంటుంది అని ఇన్నేళ్ళు నేర్చుకున్న మనిషి. అందుకే షాపు తర్వాత షాపు తిరిగారు.

నేను ఆయనకి లోతు తక్కువ ఉండే అల్యూమినియం రిమ్ము చూపించాను. దానికి నిండుగా ముప్పై రెండు స్పోకులు వేసి, మన ఉప్పుగాలికి తుప్పు పట్టని స్టీలు రకం వేసి, కాస్త వెడల్పు టైరు వేస్తానన్నాను.

"పిన్నిగారూ, ఇది పాల సైకిలు చక్రంలా ఉందండి!"

"పాలోడు ఎప్పుడైనా బస్సు కింద పడ్డాడని ఇన్నావా?"

"అది కాదండీ. ఆదివారం గ్రూపంతా భీమిలి ఎల్తన్నాం. అందరికీ ఒకే చక్రాలు, ఒకే చొక్కాలు. ఫొటో తీత్తారు. నేనొక్కణ్ణీ ఇది ఏసుకెల్తే ఏం బావుంటదండీ?"

చెడిన బిగువు మాత్రం సరిచేసి, అన్ని స్పోకులూ ఒకే మోత మోగేలా చేసి ఇచ్చాను. ఆయన చక్రం ఎత్తుకుని వెళ్ళిపోయారు. వెళ్తుంటే అరిచాను కూడా. "ఆదివారం హుక్కు ఊగితే సూసుకో బాబూ!"

రెండు రోజులకి ఆ గ్రూపు కెప్టెను వచ్చాడు. పేరు ప్రదీప్ అనుకోండి. సన్నగా, వెదురు బద్దలా ఉంటాడు. తెల్లవారక ముందే సైకిలెక్కి, మనం టీ తాగేసరికి తగరపువలస దాకా పోయి వచ్చేసే మనిషి. తొక్కడంలో వంక పెట్టలేం. సైకిలు దిగకుండానే, ఒక కాలు కింద ఆనించి మాట్లాడాడు.

"ఆంటీ, మా మెంబర్స్‌ని మీరు భయపెడుతున్నారట. సత్తిబాబు గారు నిన్నటి నుంచి ఫోన్ చేసి గాలి, గాలి అంటున్నారు."

"గాలి నేదా మరి?"

"గాలి ఎప్పుడూ ఉంటుంది ఆంటీ. నేనూ అవే చక్రాలు వాడుతున్నాను కదా? ఒక్కసారైనా పడ్డానా?"

"నీకు అయ్యి సరిపోతాయి బాబూ. నీ వేగం ఏటి, నీ ఒళ్ళేటి, నువ్వు తొక్కే వేళేటి! నీ సక్రాల మీద నాకేటి గొడవ నేదు. ఆయనకి ఎందుకు తగిలించినావు?"

"గ్రూప్ అన్నాక ఒక యూనిఫార్మిటీ ఉండాలి. చూసేవాళ్ళకి ప్రొఫెషనల్‌గా కనపడాలి."

"సూసీవోళ్ళు ఒచ్చి ఆయన హ్యాండిలు పట్టుకుంటారా?"

"మీకు పాత సైకిళ్ళు తెలుసు ఆంటీ. ఇవి వేరే."

"గాలి పాతదే కదా నాయనా!"

వాడు నవ్వేసి వెళ్ళిపోయాడు. ఆ నవ్వుకి నాకు ఒళ్ళు మండింది, ఇప్పటికీ మండుతుంది. వాడు అబద్ధం చెప్పలేదు, అదే ఇందులో ఘోరం. తనకి పని చేసింది కాబట్టి అందరికీ పని చేస్తుందని నిజంగా నమ్మాడు. ఎవరికైనా పని చెయ్యకపోతే తప్పు ఆ మనిషిదే అని కూడా నమ్మాడు. చక్రం పక్కకి లాగితే హ్యాండ్లింగు రాదు. పడితే బ్యాలెన్సు లేదు. భయపడితే పిరికి. ఇన్ని పేర్లు మనుషులకే పెట్టారు గానీ, ఒక్కసారి, ఒక్కసారైనా, ఈ చక్రం ఈ మనిషికి నప్పలేదేమో అని ఎవరికీ అనిపించలేదు.

ఆదివారం నేను ఆరాధనలో కూర్చున్నాను గానీ నా ధ్యాసంతా బయటే ఉంది. చర్చి కిటికీ పక్కన గుల్‌మొహర్ కొమ్మ ఊగడం మొదలైతే, ఇప్పుడు వాళ్ళు ఎక్కడున్నారో అనుకున్నాను. ఆ రోజు జరిగింది మర్నాడు సత్తిబాబు గారే వచ్చి చెప్పారు.

వెళ్ళడం హాయిగా వెళ్ళారట. భీమిలిలో ఫొటోలు తీసుకోవడంతో పొద్దు పోయింది. అందరూ వరసగా నిలబడాలి, చక్రాలన్నీ ఒకే కోణంలో ఉండాలి, మళ్ళీ తియ్యి, మళ్ళీ తియ్యి. బయల్దేరేసరికి ఎండ ముదిరింది, గాలి లేచింది. తిరుగుదారిలో సముద్రం ఎడమ వైపు. సరుగుడు తోట నీడలో ఉన్నంతవరకూ బాగానే ఉంది. తోట చివర కనపడుతుండగా, ముందు పోతున్న వాళ్ళలో ఒకతను ఒక్కసారి కుడికి కొట్టుకుపోయాడు. వెనక వస్తున్న కారు కీచుమని బ్రేకు వేసి, పక్కకి కోసుకుని పోయింది. అతను ఎలాగో సర్దుకున్నాడు. ఎవరూ ఆగలేదు.

"అతను ఊగిన ఊపు చూశానండి," అన్నారు సత్తిబాబు గారు. "అచ్చం గాల్లో హుక్కు ఊగినట్టేనండి. నా చేతులు వాటంతటవే బ్రేకు పట్టేశాయి. దిగిపోయాను. గట్టిగా అరిచాను, ఆపండీ, ఆపేయండీ అని."

"ఆగినారా?"

"ప్రదీప్ గారు ఎనక్కి తిరిగి, సత్తిగారూ హ్యాండ్లింగ్, హ్యాండ్లింగ్ అని అరిచి ఎళ్ళిపోయారండి. పోర్టులో ఆ మాట నేనంటే ఓడ ఆగుద్దండి, పిన్నిగారూ. అక్కడ ఒక్క సైకిలు ఆగలేదు."

ఒక్క సైకిలు ఆగింది. ఆయన వెనక వస్తున్న దివ్య అనే అమ్మాయి. బ్యాంకులో పని, బక్కపలచని పిల్ల. ఆమెకీ అవే చక్రాలు. లావుపాటి ఆయన్నే నెట్టేసే గాలికి ఆ పిల్ల ఎంత? ఆమె కూడా దిగి సైకిలు పట్టుకుని ఈయన పక్కన నిలబడిందట.

"ఏమందో తెలుసాండీ? సార్, ఆగొచ్చని నాకు తెలీదు, అంది."

చదువుకుని ఉద్యోగం చేసుకుంటున్న పిల్ల. ప్రతి ఆదివారం ఆ తోట చివర ప్రాణం అరచేతిలో పెట్టుకుని తొక్కింది, నోరు మూసుకుని. ఎందుకంటే ఆగడం తప్పని ఆమెకి చెప్పారు. అలాంటి గుంపుని ఏమనాలి? సైకిలు ఎవరి కోసం తొక్కుతున్నాం మనం? నడుము నొప్పి పోవాలని, కాస్త మంచి గాలి పీల్చాలని వచ్చిన మనుషుల్ని ఫొటోలో వరస కోసం బస్సుల కిందికి తోలడమేమిటి?

ఇద్దరూ గాలికి ఏదో ఒక గోడ చాటు దొరికేదాకా సైకిళ్ళు నడిపించుకుంటూ వచ్చారట. దారిలో కొబ్బరి బొండాలు తాగారట. ఇంటికి వచ్చి ఫోను చూసుకుంటే గ్రూపులోంచి ఆయన్ని తీసేసి ఉంది. చెప్పేటప్పుడు ఆయన నవ్వడానికి చూశారు గానీ కుదరలేదు. ఆ చొక్కా అంటే ఆయనకి ఇష్టం. మనుషులంటే ఇష్టం.

"పిన్నిగారూ, ఆ పాల సైకిలు చక్రాలు అల్లేయండి," అన్నారు. "రెండూను."

అల్లాను. ఆయన స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుని, ఒక్కో స్పోకు అందించారు. ఒక స్పోకు మీద నుంచి, ఒకటి కింద నుంచి దాటించి అల్లుతుంటే, క్రేను తీగతాడు పేనినట్టు ఉందండీ అన్నారు. బిగించాక అన్నీ మీటి చూపించాను. ఆయనా మీటారు. అప్పుడు మనస్ఫూర్తిగా నవ్వారు. ఆ చక్రాల మీద ఆయన ఇప్పటికీ డ్యూటీకి వెళ్తున్నారు. సెలవు రోజున పెందలాడే లేచి, గాలి లేవక ముందే బీచ్ రోడ్డు మీద తిరిగి వచ్చేస్తారు. కొన్నాళ్ళకి దివ్య కూడా చక్రాలు మార్పించుకుంది. మోచెయ్యి మానింది. పైన సీటులో ఆయనే ఉన్నారు.

ప్రదీప్ వానాకాలంలో వచ్చాడు, తన చక్రం బెండు తియ్యమని. గోతిలో పడి నిజంగానే వంకర పోయింది. తీశాను. శుభ్రంగా తీశాను, ఎందుకంటే ఆ చక్రం వాడికి సరైనదే.

"చూశారా ఆంటీ, నా చక్రాలు మంచివే కదా?" అన్నాడు.

"నీకు మంచివే."

సత్తిబాబు గారు ఎలా ఉన్నారని అడగలేదు. దివ్య గ్రూపుకి ఎందుకు రావడం లేదో అడగలేదు. నేను ఎదురు చూశాను. చక్రం తగిలించుకుని వెళ్ళిపోయాడు.

ఈ కేసు తర్వాత నా పద్ధతి మారింది. చక్రం స్టాండుకి ఎక్కించే ముందు మనిషిని అడుగుతాను. ఎక్కడ తొక్కుతావు? ఏ వేళకి తొక్కుతావు? సింహాచలం కొండెక్కేవాడికి తేలిక చక్రం, ఆనందపురం దాకా హైవే మీద ఎదురుగాలిని చీల్చుకుపోయేవాడికి లోతు చక్రం, పోర్టు గోతుల్లో తిరిగేవాడికి నిండు స్పోకులు, ఇదంతా చెప్పడం కష్టం కాదు. ఎవరైనా చెప్తారు. కానీ మూడో ప్రశ్న ఒకటి ఉంది, దాన్ని నాకు నేర్పింది సత్తిబాబు గారు. ఎవరితో తొక్కుతావు? ఎందుకంటే సగం మంది చక్రాలు రోడ్డును చూసి కొనరు, పక్కవాళ్ళని చూసి కొంటారు.

ఆ ప్రశ్నకి చాలామంది ఏదో గ్రూపు పేరు చెప్తారు. అప్పుడు ఇంకొకటి అడుగుతాను. నువ్వు ఆపండి అని అరిస్తే వాళ్ళు ఆగుతారా?

ఆగుతారు అంటే చక్రం సంగతి నింపాదిగా మాట్లాడుకుంటాం. ఏమో అని నీళ్ళు నమిలితే, ముందు మనుషుల్ని మార్చుకుని రమ్మంటాను. చక్రం తర్వాత అల్లుతాను.